'కోరితే డేటా ఇస్తాం' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'కోరితే డేటా ఇస్తాం' గారికి, దర్శి నుంచి. ఉభయకుశలోపరి.

పరిశోధన పత్రాల చివర, రిఫరెన్సులకు కాస్త ముందు మీరు కొలువై ఉంటారు. 'తగిన కారణం చూపి అడిగితే రచయితలు డేటా ఇస్తారు' అని ఎంత మర్యాదగా అంటారో! వంట గిన్నెలు కడిగేశాక 'భోంచేసి వెళ్లండి' అనే పెళ్లివారిలో కూడా ఇంత మర్యాద చూడలేదు.

మా బోరునీళ్ల మీద పేపర్లకు కొదవ లేదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) ఉందని 1937లోనే షార్ట్ అనే పరిశోధకుడి బృందం రాసింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లావే. ఇప్పటికీ జీపులొస్తాయి, సీసాలు నింపుకొని పోతాయి. తర్వాత పేపర్లో మండలం సగటు అచ్చవుతుంది. సగటు నీళ్లు ఎవరూ తాగరు సార్! తాగేది బడి పక్క బోరువి, లేదంటే చేలో బోరువి. ఒకదాంట్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపే ఉండొచ్చు, పక్కదాంట్లో అంతకు రెట్టింపు ఉండొచ్చు. ఏది ఏదో తెలియాలంటే బోరువారీ పట్టిక కావాలి. అడిగాను. స్కాలర్ పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోయాడట, మెయిల్ తిరిగొచ్చింది. గైడ్ గారు 'చూస్తాం' అన్నారు. చూస్తూనే ఉన్నారు.

నా ఒక్కడి మీదే పగబట్టారనుకోను. అడిగితే ఇస్తామని రాసిన 1,792 పేపర్ల రచయితలను నిజంగానే అడిగి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. డేటా దక్కింది 122 పేపర్లకే. మీది దానకర్ణుడి వంశం కాదని తేలిపోయింది.

అయినా మిమ్మల్ని మేపుతున్నది గ్రాంటు. నేను చూసిన బడ్జెట్లలో జీపు డీజిల్‌కు పద్దు ఉంది, నీళ్లు పరీక్షించే మిషన్‌కు ఉంది, జర్నల్ ఫీజుకూ ఉంది. పట్టికను శుభ్రం చేసి, ఏ కాలమ్‌లో ఏముందో రాసి, అందరికీ దొరికేచోట పెట్టే మనిషికి మాత్రం పైసా లేదు. ప్రజాధనంతో తయారైన డేటాను పంచాలన్న జాతీయ విధానం మనకు 2012లోనే వచ్చింది. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ సంస్థ, డేటాను ఎలా దాచి ఎలా పంచుతారో చెప్పే ప్లాన్‌ను 2023 జనవరి నుంచి దరఖాస్తుతోనే అడుగుతోంది, ఆ ఖర్చును బడ్జెట్‌లో చూపుకోనిస్తోంది. ఇక్కడ గ్రాంటు డబ్బు సరిగ్గా ఖర్చయిందని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం ప్రాణం తీస్తారు గానీ, డేటా ఏదని అడిగే నాథుడు లేడు.

ఆ సర్టిఫికెట్‌తో పాటు డేటా లింకు కూడా జతచేస్తేనే గ్రాంటు చివరి వాయిదా ఇవ్వాలి. రోగుల పేర్లు, ఇంటి నంబర్లు తీసేయండి, అభ్యంతరం లేదు. బోరుకైతే పరువు నష్టం రాదు.

అదే జరిగితే మీ ఉద్యోగం పోతుంది. పింఛను కావాలంటే తగిన కారణం చూపి అర్జీ పెట్టుకోండి, చూస్తాం.

ఇట్లు,
దర్శి బోరునీళ్లు తాగే ఒక పంతులు