గెజిట్‌లో వచ్చాక సభ చూస్తే ఏం లాభం?

బిల్లు మీద పార్లమెంటులో గంటల కొద్దీ చర్చ జరుగుతుంది. అందరం చూస్తాం. ఆ తర్వాత చట్టం తిరగేస్తే 'నిర్దేశించిన విధంగా' అనే మాట అడుగడుగునా కనిపిస్తుంది. ఫీజు ఎంత, గడువు ఎన్నాళ్లు, ఏ కాగితాలు జతపరచాలి, ఎవరికి మినహాయింపు అన్నవన్నీ ఆ మాట చాటునే ఉంటాయి. వాటిని తేల్చేది మంత్రిత్వ శాఖ, తర్వాత గెజిట్‌లో (ప్రభుత్వ రాజపత్రంలో) ప్రకటించే నిబంధనల ద్వారా. మామూలు మనిషికి చట్టం తగిలేది అక్కడే.

నిబంధనలను ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలని చాలా చట్టాల్లో ఉంది. మార్చాలన్నా, రద్దు చేయాలన్నా రెండు సభలూ ఒప్పుకోవాలి. ఈలోగా అవి అమలైపోతూనే ఉంటాయి. రద్దు చేసినా అంతవరకూ జరిగింది చెల్లుతుంది. వీటిని పరిశీలించే అధీన శాసనాల కమిటీ లోక్‌సభకు 1953 నుంచి, రాజ్యసభకు 1964 నుంచి ఉంది. ఓపిగ్గా చదివి లోపాలు పట్టుకోవాల్సిన కమిటీలివి. కానీ పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబరులో వస్తే నిబంధనలు 2024 మార్చిలో వచ్చాయి. వాటిని రాయడానికి హోం శాఖ గడువు అడుగుతూ పోయింది, కమిటీలు ఇస్తూ పోయాయి.

ఇక ప్రజల మాట. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలని 2014లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. అది చట్టం కాదు కాబట్టి పాటించకపోయినా అడిగే నాథుడు లేడు. 2020లో గనులు, పరిశ్రమల అనుమతులకు సంబంధించిన పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను ఇంగ్లీషు, హిందీల్లోనే పెట్టారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లోకి అనువదించమని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం సుప్రీంకోర్టుకెళ్లింది. గని పక్కన పొలం ఉన్న రైతు, తన బతుకును మార్చే కాగితాన్ని తన భాషలో చదవడానికి ఇంత పోరాటమా?

2025 జనవరిలో డిజిటల్ డేటా రక్షణ నిబంధనల ముసాయిదా వచ్చింది. అందే అభిప్రాయాలను ఏ దశలోనూ ఎవరికీ వెల్లడించబోమని ఐటీ శాఖ చెప్పింది. అప్పుడైతేనే స్వేచ్ఛగా చెబుతారన్నది దాని వాదన. కావాలంటే పేర్లు దాచండి, అభ్యంతరాలెందుకు దాచాలి? కంపెనీలు ఏం అడిగాయో, పౌరులు ఏం అడిగారో, చివరికి ఎవరి మాట నెగ్గిందో తెలియకపోతే అభిప్రాయ సేకరణ పెట్టి ఏం లాభం?

ముసాయిదాను జనం ముందుంచే ఆ 30 రోజుల గడువును చట్టంలోనే రాయాలని మేం కోరుతున్నాం. వచ్చిన అభ్యంతరాలు, వాటిని కాదన్న కారణాలు నోటిఫికేషన్‌కు ముందే కమిటీ చేతికి రావాలి, తెలుగులో సహా జనానికీ అందాలి. నిజంగా అత్యవసరమైతే శాఖ వెంటనే జారీ చేసుకోవచ్చు. కానీ ఆరు నెలల్లో సభలు ఆమోదించకపోతే ఆ నిబంధన దానంతటదే రద్దయిపోవాలి.