కార్తీకంలో నీసు మానడం, జీవాల కోసం మానడం ఒకటి కాదు

కార్తీకం వచ్చిందంటే ప్రతి ఏడూ అదే మెసేజ్. ఈసారి ఒడిశా బరంపురంలో మా వీధి వాట్సాప్ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఏ మతం పెట్టిన తిండి నియమమైనా జీవహింస వద్దనే చెబుతోంది, యూదులూ ముస్లింలూ పందిని మానేది ఆరోగ్యం కోసం, మనం కార్తీకంలో నీసు మానేది జీవకారుణ్యం కోసం, అన్నీ శాకాహారానికి మెట్లే, ఇప్పుడు విదేశాల్లో వీగన్ అంటున్నది మన పెద్దలు ఎప్పుడో చెప్పిందే, కాబట్టి మాంసం తినేవాడికి ధర్మం లేదు.

నేను ఆరేళ్ళుగా నీసు ముట్టడం లేదు. స్కూటర్‌కి తలకిందులుగా కట్టి తీసుకెళ్తున్న కోళ్ళు ఇంకా రెక్కలు కొట్టుకోవడం చూసి మానేశాను, అందులో దేవుడి ప్రసక్తి లేదు. మా అమ్మ కార్తీకమంతా మానేసి, అమావాస్య వెళ్ళిన మర్నాడు చేపల పులుసు పెడుతుంది. ఆ నెలంతా ఇద్దరం ఒకే కూర తింటాం గానీ తను మానింది శివుడి కోసం, నేను మానింది కోడి కోసం. ఈ తేడా మా ఇంట్లో అందరికీ తెలుసు. మెసేజ్ రాసినవాళ్ళకే తెలిసినట్టు లేదు.

ముందు కార్తీకం సంగతి. ఒడియా వాళ్ళ కార్తీకం ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడు మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. మనది దీపావళి అమావాస్య మర్నాడు మొదలై వచ్చే అమావాస్య దాకా నడుస్తుంది. వాళ్ళకి ఆఖరి ఐదు రోజులు పంచుక, ఆ రోజుల్లో కొంగ కూడా చేపని ముట్టదంటారు. పౌర్ణమి వెళ్ళిన మర్నాడే ఛాడొఖాయి, అంటే నియమం వదిలి మళ్ళీ నీసు తినే రోజు, ఆ పొద్దున మటన్ కొట్ల ముందు లైన్లు చూడాలి. పక్కింట్లో మేకమాంసం ఉడుకుతూ ఉంటుంది, మనింట్లో ఇంకా రెండు వారాల నియమం మిగిలి ఉంటుంది. ఈ నియమం మేక కోసమే పెట్టిందైతే, గోడకి అటు ఒక తిథికీ ఇటు ఇంకో తిథికీ దాని ప్రాణం విలువ ఎందుకు మారుతుంది? నియమం మనిషి కోసం పెట్టింది. నాలుకని అదుపులో ఉంచుకుని ఒక నెల దేవుడికి ఇచ్చేయడం. హబిష్యం అనే కార్తీక వ్రతం పట్టే ఒడియా అమ్మలు ఉప్పుడు బియ్యం మానేసి అరువా బియ్యమే (పచ్చి బియ్యం) వండుకుంటారు, రోజుకి ఒక్కపూటే తింటారు. ఉప్పుడు బియ్యం వల్ల ఏ జీవానికీ దెబ్బ తగలదు కదా. అంత కష్టమైన వ్రతాన్ని పట్టుకుని ‘అదీ శాకాహారమే’ అనేస్తే ఆ తల్లులని తక్కువ చేసినట్టే.

పూరీలోనూ ఇదే. జగన్నాథుడి మహాప్రసాదంలో ఉల్లీ వెల్లుల్లీ వెయ్యరని మెసేజ్‌లో గొప్పగా రాశారు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా వెయ్యరు, అవి బయటి దేశాల నుంచి వచ్చిన కూరలని. అదే ప్రాకారంలో విమలాదేవికి దసరా రోజుల్లో మేకపోతు బలి, చేపల నైవేద్యం ఉన్నాయి. అక్కడ ఏ దేవతకి ఉన్న ఆచారం ఆ దేవతకి జరుగుతుంది. రెండిటినీ కలిపి అహింస అని పేరు పెడితే విమల సంగతి దాచినట్టవుతుంది.

ఇక పంది. యూదుల లేవీయకాండం 11వ అధ్యాయంలో లెక్క స్పష్టంగా ఉంది: గిట్ట పూర్తిగా చీలి ఉండాలి, నెమరు కూడా వెయ్యాలి. పంది నెమరు వెయ్యదు కాబట్టి వద్దు. ఒంటె వద్దు, కుందేలు వద్దు, రెక్కలూ పొలుసులూ లేవు కాబట్టి రొయ్యలూ వద్దు. ఆవు, గొర్రె, మేక తినొచ్చు! ఆరోగ్యమే కారణమైతే ఒంటె ఏం చేసింది? ముస్లింలు తింటారు కదా. ఈ నియమంలో కారణం కంటే ఆజ్ఞకి కట్టుబడటమే పెద్దది, ‘మేం ఈ దేవుడి ప్రజలం’ అని రోజూ పళ్ళెం ముందు గుర్తు చేసుకోవడం. ఈ మతాల నియమాల్లో దయ లేదని నేను అనను. తల్లినీ పిల్లనీ ఒకే రోజు కొయ్యకూడదని యూదుల ధర్మశాస్త్రంలో ఉంది, కత్తి బాగా పదునుపెట్టి జంతువు బాధ తగ్గించమని ఇస్లాంలో ప్రవక్త మాట ఉంది. నిజమైన దయే, కానీ కోసేటప్పుడు చూపమన్న దయ. అది శాకాహారానికి మెట్టు ఎలా అవుతుంది?

జైనుల విషయంలో మాత్రం మెసేజ్ చాలావరకు కరెక్టే. దుంప పీకితే మొక్కంతా పోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న లెక్కలేనన్ని జీవాలూ పోతాయని వాళ్ళు మానేస్తారు. మతమూ అహింసా అక్కడ ఒకే దారి. ఆ ఒక్క మతాన్ని చూపించి అందరూ అంతే అనడమే తప్పు.

వీగన్ అన్న మాట ఇంగ్లండులో 1944లో పుట్టింది. వాళ్ళు పాలు, తేనె, తోలు, పట్టు కూడా వద్దంటారు. మరి మనం? పూజకి ఆవుపాలు, నెయ్యి లేనిదే గడవదు, మడి అంటే పట్టుబట్ట. పట్టు ఎలా వస్తుందో మగ్గాలున్న మా ఊరికి చెప్పాలా, లోపల పురుగు ఉండగానే కాయల్ని వేడినీళ్ళలో వేస్తారు. మడికి పట్టు శుద్ధమే, పురుగు వైపు నుంచి చూస్తే వేరే సంగతి. రెండూ ఒకటేనని ఎలా అంటారు?

గాంధీగారి కథ ఇక్కడ చెప్పాలి. 1888లో లండన్ వెళ్ళేముందు మాంసం ముట్టనని అమ్మకి మాటిచ్చారు, ఆ మాట కోసం ఆకలితో ఉన్నారు గానీ, ఎప్పటికైనా భారతీయులంతా మాంసం తినాలనే ఆయన కోరిక. అక్కడ హెన్రీ సాల్ట్ అనే ఇంగ్లీషు రచయిత శాకాహారం గురించి రాసిన చిన్న పుస్తకం చదివాక తన ఇష్టంతో శాకాహారి అయ్యానని ఆయనే రాసుకున్నారు. లండన్‌లో ఆ పుస్తకం ముందూ తర్వాతా పళ్ళెంలో మాంసం లేదు. మనసే మారింది. తర్వాత ఆవుల్ని పెట్టే హింస గురించి తెలిసి పాలు కూడా వదిలేశారు, జబ్బుపడి మేకపాలు తాగాల్సి వచ్చినందుకు ఎంతో బాధపడ్డారు.

మన పెద్దలు చెప్పలేదా అంటే, ఒకాయన చెప్పాడు, అదీ మన గంజాం జిల్లాలోనే. రుషికుల్య ఒడ్డున, పురుషోత్తంపురం దగ్గర జౌగడ రాతిమీద అశోకుడు చెక్కించాడు: ఒకప్పుడు నా వంటశాలలో రోజూ లక్షల జీవాలు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింకైనా రోజూ కాదు, ఇకమీదట ఈ మూడూ ఉండవు అని. ఇక్కడ తిథి లేదు, మడి లేదు. చచ్చే ప్రాణాల లెక్క ఉంది. జీవకారుణ్యం గురించి పంచాలనుకుంటే ఇది పంచండి, నేనూ పంచుతాను.

‘మాంసం తినేవాడికి ధర్మం లేదు’ అన్న ఆఖరి లైనుకి వస్తే, మా వీధి గ్రూపులో గోపాలపురం సముద్రం మీద బతికే వాడబలిజ కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళు చేప తింటారు, చేప అమ్ముతారు, గంగమ్మకి మొక్కకుండా తెప్ప దించరు. నేను చేప తినను, అయినా ఆ లైను చదివి సిగ్గుపడ్డాను. వాళ్ళలో ఒకావిడ, మా అమ్మకి ఇరవై ఏళ్ళుగా చేపలు తెచ్చిచ్చే ఆవిడ, మూడోసారి ఆ మెసేజ్ వచ్చిన రాత్రి ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది. పంపిన పెద్దాయనంటే నాకు గౌరవం ఉంది, అందుకే అడుగుతున్నాను: ఆ లైను తీసేయండి, ఆవిడకి మీరే ఒకసారి ఫోన్ చెయ్యండి.