లైసెన్సు చూపించి గేటు దాటితే సరిపోదు

ఒడిశాలోని మన పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నానికి ఎన్నిసార్లు వెళ్లొస్తామో మనలో ఎవరూ లెక్క పెట్టుకోరు. పొద్దున సంతకి, మధ్యాహ్నం చుట్టాలింటికి, ఒక్కోసారి ఏ పనీ లేకపోయినా టీ తాగడానికి. బండి నంబరు ఓడీ 20, లైసెన్సు ఒడిశాది, రోడ్డు ఆంధ్రాది. ఎవరూ ఆపరు, ఆపినా కార్డు చూపిస్తే వదిలేస్తారు, ఎందుకంటే దేశంలో ఎక్కడ ఇచ్చిన లైసెన్సయినా దేశమంతా చెల్లుతుందని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 13వ సెక్షనే చెబుతోంది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లేవాళ్లదీ, రాయగడ నుంచి పార్వతీపురం వెళ్లేవాళ్లదీ ఇదే అలవాటు. సరిహద్దంటే మనకి ఇంటి గడప లాంటిది, దాటినట్టే తెలియదు.

ఇప్పుడు ఆ అలవాటుతోనే మనవాళ్లు సొంత కార్లలో నేపాల్ వెళ్తున్నారు. శివరాత్రికి పశుపతినాథుడి దర్శనం, ఎండాకాలం సెలవుల్లో ముక్తినాథ్, వీలైతే ఇంట్లో పూజకి గండకి సాలగ్రామం. ఇద్దరన్నదమ్ములో బావాబామ్మర్దులో కలిసి స్టీరింగ్ మార్చుకుంటూ భువనేశ్వర్, బాలాసోర్ మీదుగా సిలిగురి చేరి, పానిటంకి దగ్గర మేచీ నది వంతెన దాటితే నేపాల్ ఊరు కాకర్‌భిట్టా. వీసా అక్కర్లేదు, మనలాగే ఎడమవైపు ట్రాఫిక్, రోడ్డు మీద కనబడే కార్లు కూడా చాలావరకు మనకి తెలిసినవే. వేరే దేశమని మనసుకి తోచదు. అందుకే బయల్దేరే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

చెల్లుతుంది. భారత లైసెన్సుతో నేపాల్లో సొంత కారు నడుపుకోవచ్చు, ఏటా ఎంతోమంది నడుపుతున్నారు. కానీ ఆ జవాబు వినగానే టెన్షన్ తీరిపోయిందని బ్యాగులు సర్దేస్తున్నారు చూడండి, మా బాధంతా అక్కడే. చెల్లేది లైసెన్సు మాత్రమే. కారుకి మీరు కట్టిన ఇన్సూరెన్సు మేచీ వంతెన దగ్గరే ఆగిపోతుంది.

ఇది చాలామందికి తెలియదు, తెలియకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. మన మోటారు పాలసీ కాగితం మీద ‘జియోగ్రాఫికల్ ఏరియా’ అని ఒక మాట ఉంటుంది, దాని ఎదురుగా ఇండియా అని రాసి ఉంటుంది. అంటే ఇండియాలో జరిగిన దానికే కంపెనీ బాధ్యత. థర్డ్ పార్టీ అయినా, ఫుల్ ఇన్సూరెన్సు అని మనం పిలుచుకునే ప్యాకేజీ పాలసీ అయినా ఇంతే. దీన్ని పొడిగించుకునే దారి లేదా అంటే ఉంది, అదీ ఎప్పటినుంచో ఉంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ (ఐఎంటీ) అనే మోటారు పాలసీల నిబంధనల పుస్తకంలో ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించే అదనపు కాగితం, మొదటి వరుసలోనే ఉంటుంది. కొంచెం అదనపు ప్రీమియం కడితే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాసి పాలసీని నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకి పొడిగిస్తారు. యాత్రకి అయ్యే పెట్రోలు ఖర్చుతో పోలిస్తే ఆ ప్రీమియం ఏ మూలకి? అయినా పాలసీ అమ్మేటప్పుడు జీరో డిప్రిసియేషన్ గురించీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ గురించీ పది నిమిషాలు చెప్పేవాళ్లు, బండి దేశం దాటుతుందా అన్న ఒక్క ప్రశ్న అడగరు.

అక్కడి కొండ రోడ్లు ఎలా ఉంటాయో 2024లో దేశమంతా చూసింది. ఆ ఏడాది ఆగస్టు 23న పోఖరా నుంచి కాఠ్‌మాండూ వెళ్తున్న భారతీయ బస్సు తనహూ జిల్లాలో మర్స్యాంగ్డీ నది వైపు పడిపోయి, మహారాష్ట్ర జళగావ్ ప్రాంతపు యాత్రికులు ఇరవై మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు నెలలోనే నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. భయపెట్టి యాత్ర మాన్పించాలని ఇవి రాయడం లేదు. దేవుడి మీద భారం వేసి వెళ్లేవాళ్లకి కూడా, అక్కడ మన కారు తగిలి ఒక నేపాలీ మనిషికి దెబ్బ తగిలితే కేసు ఆ దేశపు చట్టం ప్రకారమే నడుస్తుందని, ఆ పరిహారం ఇన్సూరెన్సు లేనివాడు సొంత జేబులోంచి ఇవ్వాల్సి వస్తుందని తెలియాలి. చిన్న కొట్టు పెట్టుకుని బతికే గుణుపురం కుటుంబమో, జయపురంలో టీచరుగా చేసే మనిషో ఆ దెబ్బకి మళ్లీ కోలుకోగలరా? దెబ్బ తిన్న ఆ నేపాలీ కుటుంబం మాత్రం ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇక భన్సార్ సంగతి. నేపాల్లో కస్టమ్స్‌ని భన్సార్ అంటారు. గేటు దాటగానే అక్కడ ఆగి, ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, రోజుల లెక్కన ఫీజు కట్టి చీటీ తీసుకోవాలి. అది లేకుండా లోపలికి వెళ్లిన బండి దొరికితే ఫైన్, గడువు దాటినా ఫైనే. ఒక చిన్న మాట: నేపాల్ ప్రభుత్వ కాగితాల్లో తేదీలు విక్రమ సంవత్‌లో ఉంటాయి, మన క్యాలెండర్ కంటే 56, 57 ఏళ్లు ముందు. మన 2025 ఏప్రిల్ మధ్యలో వాళ్లకి 2082 మొదలైంది. చీటీ మీద గడువు ఏ రోజుతో అయిపోతుందో ఇంగ్లీషు తేదీలో అడిగి, అక్కడే వెనక రాయించుకోండి.

మన జిల్లాల తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు పేర్లది. మనకి ఇంటిపేరు ముందు, ఇక్కడి ఆఫీసుల్లో అది వెనక. తెలుగు పేరు ఒడియాలో ఎక్కి, ఒడియా నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఓటరు కార్డులో ఒక మనిషి, లైసెన్సులో ఇంకో మనిషి, ఆర్‌సీలో మూడో మనిషి. పర్లాకిమిడిలో, పాతపట్నంలో ఎవరికీ పట్టదు, మొహం చూసి ఎవరబ్బాయో చెప్పేస్తారు. కాకర్‌భిట్టాలో మొహం ఎవరికి తెలుసు? దానికి తోడు చాలా ఇళ్లలో కారు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే తిరుగుతోంది. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేసి, మూడు నెలల్లో ఆర్‌సీ మార్పించుకోవాలని చట్టంలో ఉంది. స్నేహితుడి కారు తీసుకెళ్లేవాళ్లు అతని దగ్గర సంతకంతో లెటరు రాయించుకోండి. డిజీలాకర్‌లో లైసెన్సు మన దేశంలో చెల్లుతుంది గానీ పక్క దేశం పోలీసు దాన్ని ఒప్పుకోవాలని ఏమీ లేదు, ఒరిజినల్ కార్డు జేబులో ఉండాలి.

అన్ని పొరుగు దేశాలూ నేపాల్‌లా ఉండవు. శ్రీలంకలో బండి అద్దెకి తీసుకుని తిరగాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, దాని మీద కొలంబోలోని ఆటోమొబైల్ అసోసియేషన్ ముద్ర ఉండాలి, లేదా అక్కడి మోటారు ట్రాఫిక్ శాఖ ఇచ్చే తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. ఈ ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చేది, ఏడాది చెల్లుతుంది, ఫీజు 1000 రూపాయలు, మన ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు. లెర్నర్స్ లైసెన్సు మీద ఇవ్వరు. ఫోన్లో ప్రకటన చూసి ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ కొరియర్‌లో తెప్పించుకున్నవాళ్ల డబ్బు పోయినట్టే. భూటాన్ వెళ్లేవాళ్లయితే ఆధార్ కార్డు మీద ఆశ పెట్టుకోకండి, అక్కడ పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి.

పౌరుడు ఇంత తెలుసుకుంటుంటే ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? 2015 జూన్ 15న థింపూలో భారత్, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఒక దేశం బండి ఇంకో దేశంలో సుఖంగా తిరగాలన్నది దాని ఉద్దేశం. భూటాన్ పార్లమెంటు ఎగువ సభ ఒప్పుకోలేదు, మిగిలిన మూడు దేశాలూ ముందుకి పోదామనుకున్నాయి, పదేళ్లు గడిచినా సామాన్యుడి కారుకి దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆ పెద్ద పని ఎప్పటికి అవుతుందో ఢిల్లీ చూసుకోవాలి. మేము అడిగేవి మన జిల్లాల్లో రేపే మొదలుపెట్టగలిగినవి. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ ఆర్టీఓ ఆఫీసుల్లో ఈ వివరాలు ఒడియాలోనూ తెలుగులోనూ బోర్డు మీద రాసి పెట్టండి. లైసెన్సులో, ఆర్‌సీలో పేరు ఒకే తీరుగా సరిచేయడానికి నెలకి ఒక రోజు కేటాయించండి, ఏజెంట్ల చుట్టూ తిప్పకండి. ఇన్సూరెన్సు ఆఫీసులు రెన్యువల్ ఫారంలోనే దేశం దాటే ప్రశ్న అచ్చు వేయాలి.

ఈసారి శివరాత్రికి బయల్దేరాలనుకుంటున్నవాళ్లు సంక్రాంతి అయిన వెంటనే బీరువాలోంచి పాలసీ కాగితం తీసి ఆ ‘జియోగ్రాఫికల్ ఏరియా’ గడి ఒకసారి చదవండి. ఇండియా అని మాత్రమే ఉంటే, యాత్ర తేదీలు రాసుకుని ఆ వారమే ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్లి ఐఎంటీ-1 అని పేరు పెట్టి అడగండి, నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి తీసుకోండి.