పసుపు రంగు పోతే కీబోర్డు బాగుపడినట్టేనా?

పాత కీబోర్డును బాగుచేశామంటూ పెట్టే ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది. ఎడమ పక్కన పసుపెక్కిన కీబోర్డు, కుడి పక్కన తెల్లగా మెరిసే అదే కీబోర్డు, కింద పొగడ్తల వరద. అన్ని మీటలూ పనిచేస్తున్నాయా? స్పేస్ బార్ ఎక్కడా పట్టేయకుండా దిగి లేస్తోందా? దాన్ని ఒక కంప్యూటర్‌కు తగిలించి ఒక్క పేజీ అయినా టైపు చేసి చూశారా? అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. కీబోర్డు వేళ్ల కోసం పుట్టిన వస్తువు. దాని మీద మళ్లీ హాయిగా టైపు చేయగలిగినప్పుడే అది బాగుపడినట్టు. రంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు, అసలు చూసుకోకపోయినా నష్టం లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ తెల్లబరిచే మోజులో మంచి కీబోర్డులు పాడైపోతున్నాయి. 2008లో ఇంటర్నెట్‌లో రెట్రోబ్రైట్ అనే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ప్లాస్టిక్ భాగాలను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి, లేదా ఆ రసాయనం ఉన్న క్రీము పూసి, అతినీలలోహిత కాంతి తగిలేలా ఎండలో పెడతారు. పసుపు దిగిపోతుంది, కాదనను. కానీ పసుపెక్కడానికి కారణం ఆ ప్లాస్టిక్‌లోనే ఉంది. అప్పటి కంప్యూటర్ పెట్టెలు, చాలా కీబోర్డుల కవర్లు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి. అందులోని బ్యూటాడైన్ భాగం వెలుతురుకూ గాలిలోని ఆక్సిజన్‌కూ మెల్లగా మారిపోతుంది. మంటలు త్వరగా అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలకూ ఇందులో పాత్ర ఉందని చెబుతారు. పెరాక్సైడ్ పని చేసేది పై పొర మీద మాత్రమే. లోపలి ప్లాస్టిక్ ఎప్పటిలాగే ఉంటుంది. అందుకే కొన్నేళ్లకు, చీకటి అలమరలో దాచిన కీబోర్డుల్లో కూడా పసుపు తిరిగి వస్తోంది. క్రీము ఒకచోట మందంగా, మరోచోట పలచగా పడితే చారలు తేలతాయి. వాటిని పోగొట్టడం పసుపును పోగొట్టడం కంటే కష్టం. గాఢమైన పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, కంటిలో పడితే చూపుకే ముప్పు. గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ పని చేసి చూపించే వీడియోలు పెట్టేవారు కాస్త ఆలోచించాలి.

నాకు మరింత కోపం తెప్పించే విషయం ఇంకొకటి. ఆ కీబోర్డుల్లో చాలావాటికి తెలుపు అసలు రంగే కాదు. 1980ల నాటివి ఎక్కువగా లేత గోధుమ, లేత బూడిద రంగుల్లో వచ్చాయి. అనుమానం ఉంటే పై కవర్ విప్పి లోపలి వైపు చూడండి, లేదా వెలుతురు తగలని ఒక మూలను పరిశీలించండి. పుట్టినప్పటి రంగు అక్కడ ఉంటుంది. ఆ రంగును దాటి తెల్లబరిస్తే పాత రూపం తిరిగి రాదు, ఎన్నడూ లేని రూపం వస్తుంది. పైగా కనిపించే పసుపంతా ప్లాస్టిక్‌లో వచ్చిన మార్పే అనుకోకూడదు. ఏళ్ల తరబడి సిగరెట్ పొగ తగిలిన కీబోర్డు మీద జిగటగా గోధుమ రంగు పొర పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు, అది పోతుంది. ముందు సబ్బుతో కడగకుండానే పెరాక్సైడ్ సీసా అందుకునే తొందర ఎందుకో నాకు అర్థం కాదు.

కడగడం అన్నాను కాబట్టి ఏది కడగవచ్చో, ఏది కడగకూడదో చెప్పాలి. కీక్యాప్‌లు, అంటే మీటల మీది ప్లాస్టిక్ తొడుగులు, కడగవచ్చు. వాటిని పీకేముందు కీబోర్డును స్పష్టంగా ఒక ఫొటో తీసుకోండి. విదేశీ అమరిక ఉన్న కీబోర్డుల్లో ఏ మీట ఎక్కడిదో జ్ఞాపకం మీద ఆధారపడి పెట్టలేం. పీకడానికి తీగతో చేసిన పుల్లర్ వాడండి, ప్లాస్టిక్ రింగు పుల్లర్ పక్క గోడలను గీరేస్తుంది. చాలా కీబోర్డుల్లో స్పేస్ బార్, ఎంటర్, షిఫ్టుల్లాంటి పొడుగు మీటల కింద ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని కొక్కెం నుంచి తప్పించకుండా లాగితే విరిగేది ప్లాస్టికే. సబ్బు నీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. కాడ లోపలి బొక్కలో నీటి చుక్క దాక్కుంటుంది, అది స్విచ్‌లోకి దిగితే మళ్లీ మొదటికొస్తుంది. మరిగే నీళ్లు వద్దు, ఏబీఎస్ క్యాప్‌లు వంకర పోతాయి. అసిటోన్ అసలే వద్దు, ఏబీఎస్‌ను కరిగించేస్తుంది.

అక్షరాలు ఎలా ముద్రించారో చూడకుండా రుద్దడం మరో పాపం. రెండు రంగుల ప్లాస్టిక్‌ను ఒకదానిలో ఒకటి పోతపోసిన డబుల్ షాట్ క్యాప్‌ల అక్షరం ఎంత అరిగినా పోదు. డై సబ్లిమేషన్‌లో రంగు ప్లాస్టిక్ లోపలికి ఇంకి ఉంటుంది, అదీ గట్టిదే. పైపైన అద్దిన ముద్ర మాత్రం గట్టిగా రుద్దితే లేచిపోతుంది, ఆల్కహాల్‌తో మరీ త్వరగా. గోడ మీది మరకలు తుడిచే తెల్లటి మెలమైన్ స్పాంజిని కూడా నేను దగ్గరికి రానివ్వను. అది నిజానికి సన్నటి ఉప్పుకాగితం చేసే పనే చేస్తుంది. మీట మీది గరుకుదనాన్ని తీసుకుపోతుంది, ఆ గరుకుదనం మళ్లీ రాదు.

నేను ఎక్కువగా పని చేసింది ఐబీఎం మోడల్ ఎం కీబోర్డుల మీద. 1985లో వచ్చిన ఈ కీబోర్డు 2 కిలోలకు పైగా తూగుతుంది. ప్రతి మీట కింద ఒక సన్నటి స్ప్రింగు ఉంటుంది. వేలు నొక్కుతున్నకొద్దీ అది కుంగుతూ వచ్చి ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతుంది. ఆ ఒరుగుడుకే టక్కున శబ్దం వస్తుంది, అప్పుడే దాని అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క ఊగి మెంబ్రేన్‌ను, అంటే విద్యుత్ గీతలున్న పలచటి ప్లాస్టిక్ పొరలను, నొక్కుతుంది, అక్షరం కంప్యూటర్‌కు చేరుతుంది. వేలికి తెలిసేదీ చెవికి వినిపించేదీ తెరమీద కనిపించేదీ ఒకే క్షణంలో జరుగుతాయి. ఇంత పొందికైన యంత్రాన్ని పట్టుకుని ‘పసుపు పోయిందా లేదా’ అని అడిగేవారితో ఏం మాట్లాడాలి?

మోడల్ ఎం చేతికొస్తే నేను మొదట చేసే పని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపడం. లోపల ఏదైనా గలగలమంటే ప్లాస్టిక్ రివెట్ల తలలు రాలినట్టే లెక్క. స్ప్రింగుల చట్రాన్నీ అడుగున ఉన్న ఉక్కు రేకునూ కలిపి బిగించి ఉంచేవి ఈ రివెట్లే. ప్లాస్టిక్ మేకుల కొసలను వేడితో కరిగించి అణచారు. కాలం గడిచేకొద్దీ అవి పెళుసెక్కి ఒక్కొక్కటిగా తెగిపోతాయి. రెండు మూడు పోతే తెలియదు. వరుసగా పోతే ఆ ప్రాంతంలో రేకు వదులై, మీట నొక్కినా అక్షరం పడదు, పడినా శబ్దం డొల్లగా ఉంటుంది. విప్పాలంటే వెనుక అంచున లోతైన గుంతల్లో ఉన్న, ఆరు పలకల తల గల స్క్రూలు తీయాలి. వాటికి 5.5 మిల్లీమీటర్ల పలచటి గోడ ఉన్న పొడుగాటి సాకెట్ కావాలి. అది లేదని స్క్రూడ్రైవర్‌తో కవర్ అంచును పెళ్లగించిన కీబోర్డులు ఎన్నో నా చేతికొచ్చాయి.

విప్పాక మిగిలిన రివెట్ల తలలు చెక్కేసి, మేకు ఉన్న ప్రతి చోటా సన్నటి రంధ్రం వేసి, ఎం2 (2 మిల్లీమీటర్ల) బోల్టులూ నట్లూ బిగించాలి. ఓపిక కావాలి, చేయి నిలకడగా ఉండాలి. డ్రిల్లు బిట్టు పక్కకు జారితే స్ప్రింగు కూర్చునే గొట్టం గోడకు చిల్లు పడుతుంది. రేకు తీసినప్పుడు ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలూ స్ప్రింగులూ దొర్లిపోకుండా చట్రాన్ని తలకిందులుగా ఉంచుకోవాలి. మెంబ్రేన్ పొరల మీది గీతలు నల్లబడ్డాయా, తెగాయా అని వెలుతురుకు ఎత్తి చూడాలి. తెగినచోట వెండి కలిపిన కండక్టివ్ పెయింటుతో కలపవచ్చు. చివరికి కీక్యాప్‌లు పెట్టేటప్పుడు కీబోర్డును నిలబెట్టి పట్టుకోవాలి, అప్పుడే స్ప్రింగు కొస సరైన చోట కూర్చుంటుంది. వంకరగా కూర్చుంటే ఆ మీట మూగబోతుంది, తీసి మళ్లీ పెట్టాలి.

ఇంత పని చేసి కవర్ మూసేస్తే బయటికి ఏమీ కనిపించదు. ఫొటో తీసినా మునుపటికీ ఇప్పటికీ తేడా తెలియదు. పొగడ్తలు రావు. నేను పునరుద్ధరణ అనేది ఈ పనినే.

కవర్ కడిగే ముందు వెనక్కి తిప్పి చూడండి. మోడల్ ఎం అడుగున పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, తయారైన తేదీ ఉన్న లేబుల్ ఉంటుంది. ఆ కీబోర్డు జన్మపత్రం అదే. పెరాక్సైడ్ తొట్టిలో కవర్‌ను మొత్తం ముంచి ఆ లేబుల్‌ను వెలిసిపోయేలా చేసేవారిని చూస్తే బాధ వేస్తుంది. తెలుపు కోసం పుట్టిన తేదీని చెరిపేసుకుంటారా?

అన్ని కీబోర్డులకూ ఒకే వైద్యం పనికిరాదు. 1987 నాటి యాపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డులో ఆల్ప్స్ కంపెనీ స్విచ్‌లు ఉంటాయి. వాటికి దుమ్ము బద్ధశత్రువు. దుమ్ము లోపలికి చేరితే మీట గీరుకుంటూ దిగుతుంది. అలాగని నీళ్లలో ముంచితే ఫ్యాక్టరీలో పెట్టిన లూబ్రికెంట్ కొట్టుకుపోతుంది, పరిస్థితి ఇంకా దిగజారుతుంది. వాటిని ఒక్కొక్కటిగా విప్పి పొడిగా తుడవాల్సిందే. ఆ కీబోర్డులోనే తరచూ స్పేస్ బార్ ఒక్కటే పసుపుగా కనిపిస్తుంది. మిగిలిన క్యాప్‌లు అంత తేలిగ్గా పసుపెక్కని పీబీటీ ప్లాస్టిక్, స్పేస్ బార్ ఏబీఎస్ కావడమే కారణం. ఆ తేడా చెడిన గుర్తేమీ కాదు, అలా వదిలేయండి అంటాను. కాంపాక్ పోర్టబుల్, యాపిల్ లీసా లాంటి యంత్రాల కీబోర్డుల్లో ప్రతి మీట కింద నురుగు స్పాంజి బిళ్ల, దానికి లోహపు పూత ఉన్న పలచటి రేకు ఉంటాయి. నురుగు కాలంతో పొడి పొడి అవుతుంది. వాటిని ఎంత తుడిచినా లాభం లేదు, అన్ని బిళ్లలూ మార్చాలి.

అన్నట్టు, గాలి డబ్బాతో మీటల సందుల్లోకి గట్టిగా ఊదేవారు దుమ్మును బయటికి పంపడం లేదు, స్విచ్‌ల లోపలికి తోస్తున్నారు. ముందు బోర్లించి తట్టండి, బ్రష్షు వేయండి, వాక్యూమ్‌తో లాగండి. తుప్పు వదిలించే స్ప్రే నూనెను స్విచ్‌లలో కొట్టకండి. మొదట మెత్తగా కదిలినా, ఆ జిడ్డుకు దుమ్మంతా అంటుకుని కొన్నాళ్లకు మీట పైకి లేవదు. సర్క్యూట్ బోర్డు మీది మురికికి 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి.

మరో వర్గం గురించి కూడా చెప్పాలి. పాత టెర్మినళ్ల (పెద్ద కంప్యూటర్‌కు తగిలించి వాడిన తెర, కీబోర్డు జతల) కీబోర్డులు కొని, అందులోని చెర్రీ కంపెనీ స్విచ్‌లు మాత్రం ఊడదీసి కొత్త కీబోర్డులో పెట్టుకుని, మిగిలినదంతా చెత్తలో పడేసేవారు. చచ్చిపోయిన బోర్డు నుంచి విడిభాగాలు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. నిక్షేపంగా పనిచేసే కీబోర్డును కోసేయడం మాత్రం నేను సమర్థించలేను. ఆ కీబోర్డు లేకపోతే ఆ టెర్మినల్ కూడా బతకదు. దాని కోసం వెతికేవారు ఎక్కడో ఒకరు ఉంటారు.

‘నా కంప్యూటర్‌కు తగలదు కదా’ అనేది వినీ వినీ విసిగిపోయాను. ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గు కనిపిస్తే చాలు, పనికిరాదని తేల్చేస్తారు. 1984 నాటి ఐబీఎం ఏటీ కంప్యూటర్ తర్వాతి కీబోర్డు అయితే పీఎస్/2 (యూఎస్‌బీకి ముందు వాడిన చిన్న గుండ్రటి ప్లగ్గు) అడాప్టర్ సరిపోతుంది, అక్కడి నుంచి యూఎస్‌బీ కన్వర్టర్. 1981 నాటి మొదటి ఐబీఎం పీసీ, దాని తర్వాతి ఎక్స్‌టీ కంప్యూటర్ల కీబోర్డుల భాష వేరు. ప్లగ్గు మార్చినంత మాత్రాన కుదరదు, ఆ భాషను అర్థం చేసుకునే చిన్న మైక్రోకంట్రోలర్ కన్వర్టర్ కావాలి. అవి దొరుకుతున్నాయి, చేతనైనవారు సొంతంగా చేసుకుంటున్నారు. ఒక్క జాగ్రత్త: పీఎస్/2 సాకెట్‌లో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కంప్యూటర్ ఆపేసి ఉండాలి.

పేరున్న కీబోర్డులకే ఈ శ్రమ అనుకోకండి. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగుచేసింది, సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మీటల కింద రబ్బరు బుడిపెలున్న, ఏ పేరూ లేని మామూలు రబ్బరు డోమ్ కీబోర్డు కూడా చాలాసార్లు పది స్క్రూలు విప్పి, రబ్బరు పొరను సబ్బుతో కడిగి, ప్లాస్టిక్ పొరలను ఆల్కహాల్‌తో తుడిస్తే లేచి కూర్చుంటుంది. టీయో శీతల పానీయమో ఒలికిన రోజే ఈ పని చేస్తే మరీ తేలిక. ఆరిపోయాక చక్కెర పొరలను అతికించేస్తుంది, లోపలి గీతలను తినేస్తుంది.

కాబట్టి ఫొటోలు పెట్టే మిత్రులకు నా విన్నపం. పెట్టండి, కానీ దానితోపాటు ఏ మోడల్, ఏ ఏడాదిది, ఎన్ని మీటలు పనిచేయకుండా వచ్చాయి, వాటిని ఎలా లేపారు అన్నది రాయండి. పెరాక్సైడ్ వాడితే ఎంత గాఢత, ఎంతసేపు ఉంచారు అన్నది దాచకండి. దాని మీద టైపు చేసిన వీడియో శబ్దంతో సహా జతచేయండి. రెండేళ్ల తర్వాత అదే కీబోర్డును అదే వెలుతురులో మళ్లీ ఫొటో తీసి, పాత ఫొటో పక్కనే పెట్టండి.