మందు తగ్గించిందా, రోగమే తగ్గిందా?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో కామెర్లకు పసరు పోసేవాళ్ల పేరు చెడటం చాలా అరుదు. దానికి కారణం పసరులో కంటే కామెర్లలోనే ఎక్కువ ఉంది. వానాకాలంలో నీళ్లు పాడై వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. పొద్దున్నే పరగడుపున పసరు తాగి, ఉప్పు కారం మానేసి పథ్యం చేసినాయనకు కళ్లు తెల్లబడితే ఆ పేరు పసరుకు పోతుంది. నిజానికి కొంత పేరు పథ్యానికి రావాలి. పసరు పోసేవాళ్లు చాలామంది కల్లు, బ్రాందీ ముట్టొద్దని ముందే షరతు పెడతారు. డాక్టర్ పదిసార్లు చెప్పినా వినని మనిషి, పసరు తాగిన పాపానికి వింటాడు. ఆ రోజుల్లో లివర్‌కు అంతకంటే పెద్ద సాయం లేదు.

చిక్కల్లా, కళ్లు పచ్చబడే రోగం ఒక్కటే కాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడ్డా, హెపటైటిస్ బి ముదిరినా, తాగుడుతో లివర్ గట్టిపడినా, చివరికి క్యాన్సర్ అయినా కళ్లు అట్లాగే ఉంటాయి. నెలలు నిండిన గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే తల్లి ప్రాణానికే ముప్పు. వీళ్లను చంపడానికి పసరు విషమే కానక్కర్లేదు, దాన్ని నమ్ముకుని పోగొట్టుకున్న పది రోజులు చాలు. పసరు తాగుతానంటే తాగనివ్వండి అనే మాట కూడా నేను అనను. కనీసం అంతకుముందే రక్తపరీక్ష, స్కానింగ్ అయిపోవాలి.

పాము మంత్రం సంగతీ ఇంతే. చేన్లల్ల కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషప్పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. ఇవన్నీ మంత్రగాడి ఖాతాలో పడిపోతాయి. కట్లపాము కరిస్తే మాత్రం వాపు, నొప్పి పెద్దగా ఉండవు. కాసేపటికి రెప్పలు వాలతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. అక్కడ యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు సూది), అవసరమైతే వెంటిలేటర్ తప్ప ఇంకో దారి లేదు.

పనిచేయని మందుల సంగతి ఇది. నాకు వీటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేవి వెంటనే పనిచేసేవి.

పత్తి ఏరే రోజుల్లో కిలో లెక్కన కూలి. మోకాలు పట్టేసి ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కైకిలి పోయినట్టే. అందుకే ఆర్‌ఎంపీ (డిగ్రీ లేని ఊరి డాక్టర్) దగ్గరికి పోవడం తెలివితక్కువతనం అనుకోవడం అన్యాయం. "సూది పడ్డంక లేడిపిల్ల లెక్క తిరిగిన" అంటుంది నర్సంపేట వైపు ఓ పెద్దమ్మ. ఆమె అబద్ధం చెప్పడం లేదు. సూదితో పాటు ఓ కాగితం పొట్లం ఇస్తారు. విప్పితే గులాబీది ఒకటి, పసుపుది ఒకటి, చిన్న తెల్ల గోలీ ఒకటి. స్ట్రిప్ నుంచి విప్పి ఇచ్చినవి కాబట్టి పేరు ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. ఆ తెల్లది స్టెరాయిడ్ అయినా ఆమెకు తెలిసే దారి లేదు. బీపీ, షుగర్ ఉన్న మనిషి ఏళ్ల తరబడి నొప్పి గోలీలు మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

అంగట్లో మైకు పెట్టి అమ్మే ఆకుల పొడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పొడి వేసుకున్న రెండో రోజే మోకాళ్ల నొప్పి మాయమైతే సంతోషం కంటే ముందు అనుమానం రావాలి. నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, షుగర్ పొడుల్లో గ్లిబెంక్లమైడ్ అనే ఇంగ్లిష్ షుగర్ మందు కలిపిన సంగతి పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఉన్నాయి. నెలల తరబడి స్టెరాయిడ్ తిన్న ఒంట్లో సొంత హార్మోన్ తయారీ మందగిస్తుంది. పొడి ఒక్కసారిగా మానేస్తే నీరసం కమ్ముతుంది, బీపీ పడిపోతుంది. మనిషేమో "పొడి మానేసినందుకే ఇట్లయింది, మంచి పొడి" అనుకుని మళ్లీ డబ్బా కొంటాడు.

ఆకులకు శక్తి లేదని నేను అనడం లేదు. సర్పగంధ వేరుతో రక్తపోటు తగ్గుతుందని డాక్టర్ రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచమంతా దాన్ని వాడింది. అందులోంచి తీసిందే రిసర్పిన్ అనే బీపీ మందు. ముక్కు దిబ్బడ, దిగులు లాంటి ఇబ్బందులూ దాంతోనే వచ్చాయి. ఒంట్లో ఏదో ఒకటి మార్చే పదార్థం మనకు నచ్చినదాన్ని మాత్రమే మార్చి ఊరుకోదు. "ఆయుర్వేదం కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అన్నవాళ్లను, అయితే ఎఫెక్ట్ ఎట్లా ఉంటుందని అడగాలి.

కొవిడ్ రోజుల్లో ఇంటింటా కాచి తాగిన తిప్పతీగ సంగతే చూడండి. దాంతో లివర్ దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు కేసులు ప్రచురిస్తే, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. అదే జాతికి చెందిన ఇంకో తీగను పొరపాటున వాడి ఉండవచ్చంది. నాకైతే ఆ జవాబే ఎక్కువ భయం పుట్టించింది. గట్టు మీద కోసుకునేవాళ్లకు ఆ తేడా ఎవరు చెప్పాలి? డబ్బాలో వచ్చేదైనా పూర్తి ధీమా లేదు. బోస్టన్ ప్రాంతంలో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయని 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది.

విటమిన్లను ఎవరూ మందుగానే లెక్కపెట్టరు. డి విటమిన్ 60,000 యూనిట్ల గోలీ వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలకే రాస్తారు. దాన్ని రోజుకొకటి మింగేవాళ్లుంటారు, కోర్సు అయిపోయినా ఏడాది పొడుగునా సాగదీసేవాళ్లుంటారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, మలబద్ధకం, చివరికి కిడ్నీ దాకా వస్తుంది. అదే ఇంట్లో, ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చిన ఐరన్ గోలీలు కడుపులో తిప్పుతున్నాయని మూలన పడేస్తారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు వాటి అవసరం రుజువైనది, పైగా ఖర్చు లేదు. హన్మకొండ జిమ్‌లలో వేలు పోసి కొనే డబ్బాల మీద "ఔషధ వినియోగానికి కాదు" అని ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో ఉంటుంది. అమ్మేవాళ్ల మాట వేరుగా ఉంటుంది.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు అడపాదడపా దాడులు చేసి ఇలాంటి డబ్బాలు పట్టుకుంటూనే ఉన్నారు. వాట్సాప్‌లో తిరిగే వీడియోను పట్టుకోవడం వాళ్ల వల్ల అయ్యేట్టు లేదు.

అయ్యే పని ఒకటి ఉంది. వరంగల్ ఒక్క ఊళ్లోనే కాకతీయ మెడికల్ కాలేజీ, అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాల రెండూ ఉన్నాయి. జనం ఇటూ అటూ తిరుగుతారు, ఇక్కడ తింటున్నది అక్కడ చెప్పరు. తిడతారని భయం. ఇక్కడి ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఓ జూనియర్ డాక్టర్ గొంతు పెంచకుండా "పసరు, పొడి, సూది, ఏమన్నా వాడుతున్నవా అమ్మా?" అని అడిగితే ఆమె సంచీలోంచి పొట్లాలు, డబ్బాలు అన్నీ బల్ల మీదికి వస్తాయి. ఆపరేషన్‌కు ముందైతే, రక్తం పలచబడే మందు వాడేవాళ్లకైతే, ఈ ప్రశ్న అడగకుండా చిట్టీ రాయకూడదు.