డాబా మీద తీసిన గురుడి ఫోటోలు ఫేకా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

మళ్లీ తిరుగుతోంది ఆ మెసేజ్. ఈసారి మా ఫ్యామిలీ గ్రూప్‌లోకి చిన్నమావయ్య చేతుల మీదుగా వచ్చింది, కింద "ఏరా, నువ్వు పెట్టేవి కూడా ఇవేనా, ఒరిజినల్ వీడియో చూపించు" అని ఒక నవ్వు బొమ్మ. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తా. ఇంటి డాబా మీంచి టెలిస్కోప్‌తో తీశామని జనం పెట్టే గురుడు, శని ఫోటోలన్నీ ఫేక్ అంట. టెలిస్కోప్‌లో కనబడేది ఒక చుక్కే అంట, వీడియో తీసి సాఫ్ట్‌వేర్‌లో పడేసి బొమ్మ తయారు చేస్తారంట, లేదంటే నాసా ఫోటో దించుకుని కాస్త మసక చేసి పెట్టేస్తారంట, సిటీ లైట్లు, సముద్రం తేమ ఉన్నచోట అసలేమీ రాదంట, నిజంగా తియ్యాలంటే లక్షలు పొయ్యాలంట. ఇన్ని అంటల్లో ఒక్కదాంట్లో మాత్రం కొంచెం నిజం ఉంది, అది దాచను.

ముందు చుక్క సంగతి. 2026 జనవరి 10న గురుడు భూమికి అటు సూర్యుడు, ఇటు తను అన్నట్టు సరిగ్గా ఎదురుగా వచ్చాడు. అప్పుడు ఆకాశంలో ఆయన సైజు దాదాపు 46 ఆర్క్‌సెకండ్లు (ఒక డిగ్రీలో 3600వ వంతు కోణం), చందమామ సైజు సుమారు 1800. భాగించుకోండి, దాదాపు నలభై వస్తుంది. అంటే 40 రెట్లు పెద్దగా చూపించే ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే చాలు, ఉత్త కంటికి చందమామ ఎంత కనబడతాడో గురుడు అంత కనబడతాడు. నా టెలిస్కోప్‌ది 8 అంగుళాల అద్దం, గాలి బాగున్న రోజు 150 రెట్లు హాయిగా లాగుతుంది. మరి చుక్క అని ఎందుకనిపిస్తుందంటే చుట్టూ అంతా నలుపు, పక్కన పోల్చుకోడానికి ఏమీ ఉండదు, మొదటిసారి కన్ను పెట్టినవాళ్లు అయిదు సెకన్లు చూసి "ఇంతేనా" అని లేచిపోతారు. పది నిమిషాలు కూర్చుంటే రెండు గోధుమరంగు పట్టీలు, వాటి అంచుల్లో గరుకు, పక్కన వరసగా నాలుగు చందమామలు, అన్నీ మెల్లగా దొరుకుతాయి.

ఇక వీడియో తీసి కలుపుతారు అన్నది. అవును బాబూ, కలుపుతాం, అదేమన్నా రహస్యమా! చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో నూతిలో చెంబు పడిపోతే అంచు పట్టుకుని వంగి చూసేవాళ్లం. నీళ్లు కదులుతుంటే చెంబు వంకర్లు తిరుగుతుంది, సాగుతుంది, రెండైపోతుంది, ఎప్పుడో ఒక్క క్షణం నీళ్లు నిలబడతాయి, అప్పుడు దాని మూతి, మూతి పక్కన సొట్ట కూడా తెలుస్తాయి, మళ్లీ చెదిరిపోతుంది. మన నెత్తిన గాలి కూడా అదే పని చేస్తుంది, వేడి గాలీ చల్ల గాలీ పొరలు పొరలుగా కదులుతుంటే వెనకాల గ్రహం ఉడుకుతున్నట్టు ఊగుతుంది. ఒకటే ఫోటో రెండు సెకన్ల పాటు తీస్తే ఆ ఊగుడంతా కలిసి ముద్దయిపోతుంది. అందుకే హైస్పీడ్ కెమెరా. నేను ఒక్కో ఫ్రేమ్‌కి 7 మిల్లీసెకన్లు పెడతా, సెకనుకి 140 ఫ్రేమ్‌లు వస్తాయి, మూడు నిమిషాలకి పాతికవేలు, దాదాపు 8 జీబీ ఫైలు. (మూడు నిమిషాలే ఎందుకంటే గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు, ఇంకా లాగితే మచ్చలు జరిగిపోయి అలుక్కుపోతాయి.) ఆటోస్టాకర్ట్ అనే ప్రోగ్రామ్ ఆ పాతికవేలల్లో నీళ్లు నిలబడ్డ క్షణాల్లాంటివి ఏరుతుంది, మంచివి ఒక పదిశాతం, అంటే రెండువేల ఐదొందలు ఉంచి మిగతాది పారేస్తుంది. అన్ని ఫ్రేమ్‌లు సగటు చేస్తే చుక్కలు చుక్కలుగా ఉండే నాయిస్, అంటే కెమెరా కలిపే చెత్త, యాభయ్యో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే అది ప్రతి ఫ్రేమ్‌లో ఒక్కోచోట ఉంటుంది, గురుడి పట్టీ మాత్రం అన్నిట్లో అక్కడే ఉంటుంది. లేనిదాన్ని పుట్టించడం ఇందులో ఎక్కడుంది? గాలి ఎంత ఊగితే ఎన్ని ఫ్రేమ్‌లకి ఒకటి మంచిది దొరుకుతుందో డేవిడ్ ఫ్రైడ్ అనే ఆయన 1978లోనే లెక్కగట్టి పేపర్ వేశాడు, ఇది నిన్న వచ్చిన ఏఐ యాప్ గొడవ కాదు.

నేను ఒప్పుకునే ముక్క ఇక్కడుంది. కలిపిన తర్వాత షార్ప్ చేస్తాం చూడండి, అక్కడ చెయ్యి ఆగదు. స్లయిడర్ లాగేకొద్దీ వివరాలు వస్తున్నట్టే ఉంటుంది, ఒక దశ దాటాక వచ్చేది వివరం కాదు, లెక్కల చెత్త. నేను మొదటి ఏడాది ఒక గురుడి ఫోటో పెట్టా, అంచు లోపల నల్లగా సన్నటి గీత, అదేదో కనిపెట్టేశా అనుకున్నా, ఒక సీనియర్ "బాబూ, కాస్త తగ్గించు, అది గురుడిది కాదు, నీ మౌస్‌ది" అన్నాడు. రంగులు కూడా కొందరు మిరపకాయ బజ్జీలా ఎర్రగా చేసి పెడతారు, ఈ మధ్య ఏఐ షార్పెనింగ్ కొట్టి లేని సుడులు పుట్టిస్తున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లని తిట్టండి, నేనూ తోడొస్తా. అంతేగానీ వంటలో ఒకడు ఉప్పెక్కువ వేశాడని వంటే అబద్ధం అంటే ఎలా?

నాసా ఫోటో దించుకున్నారు అన్నదానికి జవాబు చాలా తేలిక, ఎవరైనా ఇంట్లో కూర్చుని చెక్ చేసుకోవచ్చు. నా ఫోటో కింద తేదీ, టైమ్ రాస్తా. ఫ్రీగా దొరికే స్టెల్లేరియం అనే ఆకాశం మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి వైజాగ్ పెట్టి ఆ టైమ్‌కి తీసుకెళ్లండి, గురుడి చందమామ అయో ఎడమ పక్కనుందా కుడి పక్కనుందా, దాని నీడ గురుడి మీద పడుతోందా, అన్నీ నా ఫోటోలో ఉన్నట్టే ఉండాలి. గురుడి మీదుండే పెద్ద ఎర్ర మచ్చ గంటలోనే కంటికి తెలిసేంత జరిగిపోతుంది, కాబట్టి పాత ఫోటో పెడితే అక్కడే దొరికిపోతాం. శనిది ఇంకా సులువు. 2025 మార్చిలో ఆయన ఉంగరాలు మనకి అంచు మీదకి తిరిగాయి, ఆ ఏడాది సెప్టెంబర్ ఫోటోల్లో ఉంగరం సూదిలా సన్నగా ఉంటుంది. శని చుట్టూ తిరిగిన నాసా నౌక కస్సీని 2017 సెప్టెంబర్‌లోనే శనిలో పడి కాలిపోయింది, మరి 2025 నాటి శనిని నేను దాని ఫోటోల్లోంచి ఎలా దించుకున్నట్టు? గురుడి దగ్గరున్న జూనో నౌక ఫోటోలు దించుకుందామన్నా అవి ఎక్కువగా దగ్గర్నుంచి, ధ్రువాల మీంచి తీసినవి, భూమ్మీంచి ఆ కోణం అసలు రాదు.

ఒకవేళ నాసాయే మనలాంటివాళ్ల ఫోటోలు తీసుకుంటుందంటే మావయ్య నమ్ముతాడో లేదో. 2009 జులైలో గురుడి మీద ఏదో గుద్దుకున్న నల్లమచ్చని మొదట పట్టుకున్నది ఆస్ట్రేలియాలో ఆంథనీ వెస్లీ అనే అమెచ్యూర్ (సరదాకి ఆకాశం చూసేవాడు), సొంత పెరట్లో పద్నాలుగున్నర అంగుళాల టెలిస్కోప్‌తో. ఆ తర్వాతే పెద్ద టెలిస్కోప్‌లు అటు తిరిగాయి. 2010 జూన్ 3న ఇంకోటి గుద్దుకుని మెరిస్తే ఆయన వీడియోలో పడింది, ఫిలిప్పీన్స్‌లో సెబు నుంచి తీసే క్రిస్టఫర్ గో వీడియోలో కూడా అదే మెరుపు ఉంది. రెండు దేశాలు, రెండు కెమెరాలు, ఒకటే క్షణం, సాఫ్ట్‌వేర్ బొమ్మయితే ఇలా కుదురుతుందా?

సెబు పేరు ఊరికే చెప్పలేదు. అది కూడా మనలాగే సముద్రం ఒడ్డునున్న ఉక్కపోత ఊరు, లైట్లు నిండిన సిటీ. సిటీ లైట్లు పాడుచేసేది పాలపుంతనీ నెబ్యులాలనీ (ఆకాశంలో మసకమసకగా ఉండే వాయు మేఘాలు), గురుడంత వెలుగున్నదాన్ని మా వైజాగ్ ఎంవీపీ కాలనీ వీధిలైటు ఏం చేస్తుంది. తేమ వల్ల అద్దం మీద మంచు పడుతుంది నిజమే, హెయిర్ డ్రయ్యర్ పక్కనే పెట్టుకుంటా, స్క్రూలు తుప్పు పడతాయి, బీచ్ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్ గతే వాటికీ. కానీ మసకగా గాలి ఆగిపోయి, నక్షత్రాలు మిణకడం మానేసిన ఉక్క రాత్రులుంటాయే, గ్రహాలకి అవే పండగ. నిజమైన శత్రువు సముద్రం కాదు, మా డాబా. పొద్దంతా ఎండ తాగిన సిమెంటు రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, అందుకే పదకొండు దాటాకే రికార్డింగ్. పైగా మనం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్నాం, 2026 జనవరిలో అర్ధరాత్రి గురుడు ఇంచుమించు నడినెత్తిన, 85 డిగ్రీల ఎత్తులో. 2019లో లండన్ వాళ్లకి ఆకాశం అంచు నుంచి 16 డిగ్రీలే లేస్తే మనకి 50 లేచాడు, ఎత్తు పెరిగేకొద్దీ మధ్యలో గాలి తగ్గుతుంది. ఈ ఊరికి ఇదేం కొత్త కూడా కాదు, 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు, తర్వాత వాళ్ల అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడం వైజాగ్ నుంచే చూసి నమోదు చేశారు.

లక్షల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. నా కెమెరా సెకండ్ హ్యాండ్, మావయ్య ఫోన్ ధరలో సగం కూడా కాదు, రికార్డ్ చేసే ఫైర్‌క్యాప్చర్, ఫ్రేమ్‌లు కలిపే ఆటోస్టాకర్ట్, షార్ప్ చేసే రెజిస్టాక్స్ మూడూ ఫ్రీ. కెమెరా కూడా వద్దనుకుంటే ఐపీస్‌కి ఫోన్ బిగించి వీడియో తీసి ఇదే పని చెయ్యొచ్చు, అంత బాగా రాదు గానీ పట్టీలు వస్తాయి.

మావయ్యా, ఒరిజినల్ వీడియో చూపించు అన్నావుగా, అది వాట్సాప్‌లో వెళ్లదు. ఖాళీ 16 జీబీ పెన్‌డ్రైవ్ పట్టుకుని శనివారం రాత్రి వచ్చెయ్యి, లిఫ్ట్ మూడో ఫ్లోర్ దాకే, తర్వాత మెట్లే.