హెయిర్ రిలాక్సర్ డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెయిర్ రిలాక్సర్ డబ్బా గారి సముఖానికి, నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. అమెరికా దుకాణాల అరల్లో మీరు ఇంకా కొలువై ఉన్నారు కాబట్టి మీ క్షేమానికి లోటు లేదు. మిమ్మల్ని దశాబ్దాలుగా నెత్తిన పెట్టుకున్న నల్లజాతి స్త్రీల క్షేమం గురించే ఈ నాలుగు ముక్కలు.

తెలుగు పాఠకులకు మీతో పరిచయం తక్కువ. బిగుతైన ఉంగరాల జుట్టును నిలువుగా చేసే తెల్లటి క్రీము మీరు. మీ పాతరకం ఒంట్లో ప్రాణం కాస్టిక్ సోడా. మా ఇళ్లలో సింకు గొట్టం మూసుకుపోతే పోసేదీ అదే. వెంట్రుకలోని గంధకపు బంధాలను తెంచి పని కానిస్తారు. 'నో లై' (లై అంటే కాస్టిక్ సోడాయే) అని పెట్టె మీద రాసుకున్న మీ తమ్ముడిలో కాస్టిక్ సోడా లేని మాట నిజమే. ఆ క్రీములోని కాల్షియం హైడ్రాక్సైడ్‌కు వెంట వచ్చిన సీసాలోని గ్వానిడిన్ కార్బొనేట్ కలిపితే ఇంకో గాఢమైన క్షారం పుడుతుంది. దొందూ దొందే.

మీ వంశం ఘనమైనదే. 20వ శతాబ్దం మొదట్లో క్లీవ్‌లాండ్‌లో గారెట్ మోర్గాన్ అనే నల్లజాతి ఆవిష్కర్త కుట్టుమిషను సూది కోసం ఒక ద్రవం తయారు చేస్తుంటే, అది అంటిన ఉన్నిగుడ్డ నూగు నిటారుగా నిలబడిందట. తరువాత పక్కింటి కుక్క మీద పరీక్షించారని చెబుతారు. 1923లో ట్రాఫిక్ సిగ్నల్‌కు పేటెంటు పొందిందీ ఆయనే. 'ఆగు' అనే ఆ గుర్తు ఒకటి మీ మూతకు కూడా తగిలించి ఉంటే ఎంత బాగుండేది!

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో మాకు సామెతగానే తెలుసు. మీ భక్తులకు అది శనివారం కార్యక్రమం. మీరు వస్తున్నారంటే రెండు రోజుల ముందు నుంచీ తల గోక్కోవడం నిషేధం, గీరుకున్న చోటల్లా మీరు కొరుకుతారు గనుక. వంటగదిలో కుర్చీ. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక దట్టంగా వాజలీను. అమ్మ చేతికి తొడుగులు, కూతురి చూపు గడియారం మీద. "మండుతోందమ్మా!" "ఇంకొక్క ఐదు నిమిషాలు ఓర్చుకో తల్లీ, ఇప్పుడే పడుతోంది." మంటను మందు పనిచేస్తున్న గుర్తుగా ఒప్పించగలిగారంటే మీ వ్యాపార దక్షతకు జోహార్లు. తరువాత ప్రత్యేకమైన షాంపూ. క్షారం మిగిలి ఉన్నంతసేపూ కొన్నింటి నురగ గులాబీ రంగులో వస్తుంది. రంగు పోయాక ఆ పిల్ల అద్దం ముందు మెరిసిపోతుంది. నెత్తిన కట్టిన పక్కులు జుట్టు కింద ఉంటాయి కదా, ఎవరికీ కనపడవు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కుదుళ్ల దగ్గర సొంత జుట్టు మళ్లీ తల ఎత్తుతుంది, మళ్లీ మీరు రావాలి.

పసిపిల్లల కోసం మీరు వేరే పెట్టెలో వచ్చారు, దాని మీద నవ్వుతున్న చిన్నారుల బొమ్మలతో. 2018లో సైలెంట్ స్ప్రింగ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు నల్లజాతి స్త్రీలు వాడే 18 కేశ ఉత్పత్తులను పరీక్షించారు. దొరికిన రసాయనాల్లో 84 శాతం పెట్టె మీది జాబితాలో లేనే లేవు. ఐరోపా నిషేధించినవో, కాలిఫోర్నియా ప్రమాదకరమైనవిగా గుర్తించినవో ఐదు రసాయనాలు పిల్లల రిలాక్సర్లలో బయటపడ్డాయి. అయినా 'చదివి కొనుక్కోండి' అని ఆడవాళ్లకు హితబోధ చేసేవారికి కొదవ లేదు. రాయనిది ఎలా చదవాలో కూడా వారే సెలవిస్తే బాగుంటుంది.

2022 అక్టోబరులో మీ పేరు మరింత గట్టిగా వినిపించింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించారు. జుట్టు నిలువు చేసే మందులు ఎన్నడూ వాడనివారికి 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, తరచూ వాడేవారికి 4.05 శాతమని లెక్క తేలింది. ఎవరు ఏ కంపెనీ సరుకు వాడారో ఆ అధ్యయనం అడగలేదు కాబట్టి మీరింకా అనుమానితులే. చికాగో ఫెడరల్ కోర్టులో వేల దావాల మధ్య మీ వకీళ్లూ అదే వాదిస్తున్నారు.

మీకు అండగా నిలిచిన ప్రభుత్వాన్ని తలుచుకోకపోతే పాపం. 1938 నాటి చట్టం ప్రకారం, రంగులు మినహాయిస్తే, సౌందర్య సాధనం అంగట్లోకి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2022 చివర్లో చట్టాన్ని సవరించారు గాని ఈ ముక్క మారలేదు. మీ దాయాదుల్లో కొందరు వదిలే ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువును నిషేధించే ప్రతిపాదన తెస్తామని 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. 2024 ఏప్రిల్ అని ముహూర్తం పెట్టింది, అది దాటాక మరొకటి, అదీ దాటింది. చురుకుదనం చూపిన సందర్భం లేకపోలేదు. 1975లో ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ నల్లజాతి యజమాని జార్జ్ జాన్సన్ కంపెనీ చేత రిలాక్సర్ పెట్టె మీద హెచ్చరిక రాయించింది. అదే సరుకు అమ్మే తెల్లవారి కంపెనీ రెవ్లాన్ చేత రాయించడానికి మాత్రం ఇంకా సుమారు రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు మీ సింహాసనం మీద 'క్లీన్' అని రాసుకున్న సీసా కన్నేసింది. ఆకు బొమ్మ, మట్టి రంగు కాగితం, కళ్లు తిరిగే ధర. ఆ మాటకు అమెరికా చట్టంలో నిర్వచనం లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెతలో రెండో సగం సంగతి కొన్నాక తెలుస్తుంది. పోనీ మిమ్మల్ని వదిలి జడలు అల్లుకుందామంటే, 2025లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షించిన కృత్రిమ సవరాల్లో క్యాన్సర్ కారకాలూ సీసమూ దొరికాయి.

అన్నట్టు, మీరు ఇంతకాలం బతికింది మీ ప్రతిభ వల్లనే అనుకోకండి. అలబామాలోని మొబైల్ నగరంలో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఇచ్చినట్టే ఇచ్చి, జడలు కట్టించుకున్న జుట్టు (డ్రెడ్‌లాక్స్) కత్తిరించుకోనన్నందుకు వెనక్కి తీసుకున్నారు. అది ఫోనులో మాట్లాడే ఉద్యోగం! అవతలి మనిషికి ఆమె గొంతే గాని జడ కనపడదు. 2016లో అప్పీలు కోర్టు కంపెనీదే ఒప్పు అంది. 2019లో కాలిఫోర్నియా ఇలాంటి వివక్షను నిషేధిస్తూ క్రౌన్ చట్టం తెచ్చింది, మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో దిగువ సభ దాటి, ఎగువ సభలో కూలబడింది. కమీషను అడగకుండా మీ సరుకు అమ్మిపెట్టిన అలాంటి ఆఫీసుల, బడుల చిరునామాలు మీ దగ్గర ఉంటాయి. తిరుగు టపాలో పంపగలరు, వారికీ తలా ఒక ఉత్తరం బాకీ ఉన్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
పెట్టె వెనక చీమతలకాయ అక్షరాలు చదివి కళ్లు కాయలు కాసిన ఒక పాఠకురాలు

తా.క.: మీ చుట్టం ఒకరు మా ఊరి కిరాణా కొట్లలో ఎప్పటి నుంచో కాపురం ఉంటున్నారు. ఒళ్లు తెల్లబరుస్తానని చెప్పుకునే ఆ క్రీము, 2020లో లోకమంతా నల్లజాతివారికి న్యాయం చేయాలని వీధుల్లోకి వచ్చాక, పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' తగిలించుకుంది. ట్యూబు అదే అరలో, అదే గులాబీ రంగులో ఉంది. పేరు మార్చుకునే ఉద్దేశం మీకూ ఉంటే వారి సలహా తీసుకోండి.